అకార్డ్ ఇచ్చి కేమన్ తెచ్చుకోవాలంటే: రెండు ధరలు కాదు, ఒక్క తేడా చూడండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు ఎప్పటినుంచో స్పోర్ట్స్ కారు మీద మోజు. నా 2021 హోండా అకార్డ్ ట్రేడ్-ఇన్ చేసి, 2018 పోర్షే 718 కేమన్ ఎస్ తీసుకోవాలనుకుంటున్నాను. అకార్డ్ 52,000 మైళ్ళు తిరిగింది, లోన్ తీరిపోయింది, టైటిల్ నా చేతిలోనే ఉంది. కేమన్ మాన్యువల్ గేర్‌బాక్స్‌తోనే కావాలి. రెండు దొరికాయి. మా దగ్గర్లోని పోర్షే డీలర్ దగ్గర 31,000 మైళ్ళ బండి ఉంది, 54,900 డాలర్లు, సర్టిఫైడ్ అంటున్నారు. అకార్డ్‌కు 21,000 ఇస్తామన్నారు. హ్యూస్టన్‌లో అన్ని బ్రాండ్లూ అమ్మే యూజ్డ్ కార్ల డీలర్ దగ్గర 38,500 మైళ్ళ బండి 51,900కి ఉంది. వాళ్ళు అకార్డ్‌కు 19,000 మించి ఇవ్వమన్నారు. పాత కార్లు కొని అమ్మే కార్‌మ్యాక్స్‌లో చూపిస్తే 20,800 రాసిచ్చారు. అకార్డ్‌కు ఎక్కువ ఇస్తున్నారు కాబట్టి ఇక్కడి డీలరే న్యాయంగా ఉన్నాడని నాకనిపిస్తోంది. మా బావమరిది మాత్రం, మూడు వేలు తక్కువకు వస్తుంటే హ్యూస్టన్ బండి వదలొద్దంటున్నాడు. హ్యూస్టన్ బండి ఫొటోలు పంపుతున్నాను. ఎవరిది సరైన ధర? మా ఆవిడ ‘రెండు సీట్ల బండి మనకెందుకు’ అంటోంది, ఆ సంగతి నేను చూసుకుంటాను.

జవాబు: చివరి సంగతి మీరే చూసుకుంటానన్నారు కాబట్టి అందులో నేను తలదూర్చను. మిగతాది మాట్లాడుకుందాం.

మీరు, మీ బావమరిది చెరో అంకె పట్టుకుని వాదించుకుంటున్నారు. ఆయన కేమన్ ధర చూస్తున్నారు, మీరు అకార్డ్‌కు వచ్చే ధర చూస్తున్నారు. డీలర్‌కు కావలసిందీ అదే. రెండు ధరలూ నిర్ణయించేది ఆయనే కాబట్టి ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవచ్చు. పాత బండికి రెండు వేలు ఎక్కువిచ్చి, కొత్తగా కొనే బండి మీద మూడు వేలు తగ్గించకుండా కూర్చోవచ్చు. అందుకే అకార్డ్‌కు 21,000 న్యాయమా, కేమన్‌కు 54,900 న్యాయమా అని విడివిడిగా అడిగితే జవాబు తేలదు. రెండింటి మధ్య తేడా ఎంత, పన్నుతో కలిపి చివరికి మీ జేబులోంచి ఎంత పోతుంది అన్నదే అసలు ధర. ఆ డబ్బుకు ఎలాంటి బండి వస్తోందన్నది ఆ తర్వాతి ప్రశ్న. మీ విషయంలో తీర్పు మారేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ముందు లెక్క చూద్దాం. టెక్సస్‌లో వాహనాల మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం. ట్రేడ్-ఇన్ చేస్తే పాత బండి విలువ తీసేసి, మిగిలిన మొత్తం మీదే పన్ను వేస్తారు. అంటే డీలర్ అకార్డ్‌కు ఇచ్చే ప్రతి వెయ్యి డాలర్లూ మీకు 1,062.50తో సమానం. కార్‌మ్యాక్స్ ఇచ్చే వెయ్యి మాత్రం వెయ్యే. చాలామంది ఇది మర్చిపోయి, బయట నాలుగు వందలు ఎక్కువొచ్చిందని అక్కడ అమ్మేసి, ఇక్కడ పన్ను రూపంలో పన్నెండు వందలు పోగొట్టుకుంటారు.

ఇక్కడి డీలర్ దగ్గర 54,900లో 21,000 పోతే 33,900. పన్నుతో 36,019. హ్యూస్టన్‌లో ట్రేడ్-ఇన్ చేస్తే తేడా 32,900, పన్నుతో 34,956. అక్కడ ఇస్తామన్న 19,000కు పన్ను ఆదా కలుపుకుంటే 20,188 అవుతుంది. కార్‌మ్యాక్స్ 20,800 ఇస్తోంది కాబట్టి, హ్యూస్టన్ బండి కొనేట్టయితే అకార్డ్‌ను కార్‌మ్యాక్స్‌కే ఇవ్వాలి. అప్పుడు 51,900కి పన్ను కలిపి 55,144, అందులోంచి 20,800 తీస్తే 34,344. ఇక్కడి డీలర్ దగ్గరైతే కార్‌మ్యాక్స్ ఊసే అక్కర్లేదు, ఆయనిచ్చే 21,000 మీకు 22,312తో సమానం.

కాబట్టి మీ బావమరిది చెప్పిన మూడు వేల లాభం నిజానికి 1,675 డాలర్లే. అయినా హ్యూస్టన్ బండే చవక. ఈ లెక్కలో డాక్యుమెంట్ ఫీజు, టైటిల్, రిజిస్ట్రేషన్ కలపలేదు. ఇద్దరినీ అవుట్ ద డోర్ షీట్, అంటే అన్ని ఫీజులూ పన్నూ కలిపిన చివరి లెక్క, ఈమెయిల్ చేయమని అడగండి. అందులో టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబర్ చెక్కడం, సిరామిక్ కోటింగ్ లాంటివి కనిపిస్తే తీసేయమనండి. ఈమెయిల్‌లో షీట్ పంపడానికి ఇష్టపడని డీలర్ దగ్గరికి వెళ్ళినా, మూడు గంటలు కూర్చోబెట్టి చెప్పేది అదే.

కాలిఫోర్నియాలో ఉండే పాఠకులకు ఇక్కడ ఒక మాట. మీ రాష్ట్రంలో ట్రేడ్-ఇన్ విలువను పన్నులోంచి తీసేయరు, కొనే బండి పూర్తి ధర మీద పన్ను కట్టాలి. వర్జీనియాలోనూ అంతే. కాబట్టి మీరు బేరం ఆడేటప్పుడు పాత బండికి ఎక్కువ ఇవ్వమని కాదు, కొనే బండి ధర తగ్గించమని పట్టుబట్టాలి. తేడా అదే అయినా పన్ను తగ్గుతుంది. పాత బండిని బయట అమ్ముకోవడం వల్ల మీకు పన్నులో నష్టం కూడా లేదు.

మళ్ళీ ఫ్రిస్కోకి వద్దాం. పోర్షే డీలర్ ఒక హోండాకి కార్‌మ్యాక్స్ కంటే ఎక్కువ ఎందుకిస్తాడు? ఆయన దాన్ని తన షోరూమ్‌లో పెట్టుకోడు. చాలావరకు వేలానికే పంపిస్తాడు, అక్కడ వచ్చేది హోల్‌సేల్ ధర, అందులోంచి రవాణా, వేలం ఫీజు పోవాలి. కాబట్టి మీకు చెప్పిన 21,000లో కొంత భాగం అకార్డ్ విలువ కాదు, కేమన్ మీద ఇచ్చిన డిస్కౌంటే. ‘మా ధరలు ఫిక్స్‌డ్ అండీ, తగ్గించం’ అనే డీలర్లు తగ్గించేది ఈ దొడ్డిదారినే. మీకొచ్చిన చిక్కేమీ లేదు, టెక్సస్‌లో ఏ వైపు తగ్గించినా పన్ను ఒకటే. అయితే అది ఆయన అకార్డ్ మీద చూపించిన ఉదారత అనుకుని మొహమాటపడకండి. ఇంకా అడగొచ్చు.

అడిగే ముందు అకార్డ్‌ను ఒక హోండా డీలర్‌కు కూడా చూపించండి. హోండా వాళ్ళకు తక్కువ మైళ్ళ హోండా కావాలి, దాన్ని సర్టిఫైడ్ చేసి తమ దగ్గరే అమ్ముకోగలరు, అందుకని వేలం ధర కంటే కొంత పైకి రాగలరు. కార్‌మ్యాక్స్ కాగితం ఏడు రోజులే చెల్లుతుంది, కాబట్టి ఈ పనులన్నీ ఒకే వారంలో పెట్టుకోండి. రెండు తాళాలు, సర్వీస్ రసీదులు తీసుకెళ్ళండి. రెండో తాళం ఎక్కడో ఇంట్లో ఉందంటే అప్రైజర్ అప్పటికప్పుడు రెండు మూడు వందలు కోసేస్తాడు. మన ప్రాంతంలో ఇంకోటి, వడగళ్ళ గుంటలు. బానెట్, రూఫ్ మీద ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే కనిపిస్తాయి. ఉంటే దాచకండి, వాళ్ళు ఎలాగూ లైట్ వేసి చూస్తారు.

ఇప్పుడు కేమన్‌ల సంగతి. స్పోర్ట్స్ కారు ధరలో మైళ్ళకు మామూలు కార్లలో ఉన్నంత బరువు ఉండదు. అకార్డ్ అయితే సంవత్సరం, మైళ్ళు, ట్రిమ్ చెబితే ధర చెప్పేయొచ్చు. కేమన్‌కు అది చాలదు. ఒకే ఏడాది, ఒకే మోడల్ రెండు బండ్ల మధ్య ఏడెనిమిది వేల తేడా రావడం మామూలే, ఆ తేడాకు న్యాయమైన కారణాలూ ఉంటాయి. మాన్యువలా, పీడీకే అనే పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్సా? స్పోర్ట్ క్రోనో ఉందా, స్పోర్ట్ ఎగ్జాస్ట్ ఉందా, సీట్లు ఏవి, ఎంతమంది చేతులు మారింది? ఒక్కోటీ ధరను అటో ఇటో జరుపుతుంది. డీలర్‌ను ఒరిజినల్ విండో స్టిక్కర్ కాపీ అడగండి, ఏ ఆప్షన్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయో అందులో ఉంటుంది. అయితే కొత్తగా కొన్నాయన ఆప్షన్ల మీద పెట్టిన డబ్బంతా మీరు తిరిగి ఇవ్వాల్సిన పనిలేదు. తోలు కుట్టిన ఏసీ వెంట్లకు ఆయన వందలు పోసి ఉండొచ్చు, యూజ్డ్ మార్కెట్‌లో వాటికి విలువ దాదాపు సున్నా.

718 గురించి ఒక విషయం తెలిసి ఉండాలి. దీనికి ముందున్న 981 కేమన్‌లో ఆరు సిలిండర్ల ఇంజన్. 718 ఎస్‌లో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 350 హార్స్ పవర్. పరుగులో తిరుగులేదు కానీ, ఆ శబ్దం పోర్షే అభిమానులకు రుచించలేదు. అందుకే పాతదైనా మంచి 981ల ధర గట్టిగా నిలబడుతుంది, తర్వాత ఆరు సిలిండర్లతో వచ్చిన 4.0 జీటీఎస్ ధర ఇంకా పైన ఉంటుంది. మీరు కొనేది ఈ రెండింటి మధ్య, కాస్త చులకనైన బండి. నా దృష్టిలో కొనేవాడికి అది మంచిదే. కాకపోతే ‘పోర్షే ధర పడిపోదు సార్, ఇన్వెస్ట్‌మెంట్’ అని సేల్స్‌మన్ అంటే నవ్వి ఊరుకోండి, దానికి పైసా ఎక్కువ ఇవ్వకండి.

మార్కెట్ ధర చూసేటప్పుడు అమ్మకానికి పెట్టిన ధరల్ని కాదు, అమ్ముడైన ధరల్ని చూడండి. బ్రింగ్ ఎ ట్రెయిలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటి వేలం సైట్లలో ముగిసిన వేలాలన్నీ ధరతో సహా కనిపిస్తాయి. 2017 నుంచి 2019 వరకు మాన్యువల్ కేమన్ ఎస్‌లు వెతికి, ఆరు నెలల్లో అమ్ముడైనవి రాసుకోండి. వాటికి కొనేవాళ్ళు ఫీజు అదనంగా కడతారు, బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లో 5 శాతం, అది కలపండి. వేలంలో వారంటీ ఉండదు, డీలర్ దగ్గర ధర దానికంటే కొంత ఎక్కువే ఉంటుంది. కార్‌గురూస్‌లో అయితే బండి ఎన్ని రోజులుగా ఉందో, ధర ఎన్నిసార్లు తగ్గించారో కనిపిస్తుంది. రెండు నెలలు దాటి నిలబడిన బండి మీద డీలర్ వడ్డీ కడుతూ ఉంటాడు. అలాంటి బండికి మీ మాట వినే ఓపిక ఆయనకు ఎక్కువ.

ఇప్పుడు మీరు పంపిన ఫొటోలు. హ్యూస్టన్ బండి చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాదనను. నాలుగో ఫొటోలో ముందు టైరు దగ్గరగా తీశారు, చాలా మంచి పని చేశారు. డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు 2319. అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఇంకా గాడులు కనిపిస్తున్నాయి కాబట్టి ‘టైర్లు 70 శాతం ఉన్నాయి’ అని డీలర్ రాశాడు. ఆరేళ్ళు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, 350 హార్స్ పవర్ బండికి వానలో అది పనికిరాదు. ముందువీ వెనకవీ కలిపి మంచి టైర్లకు సుమారు 1,500 డాలర్లు వేసుకోండి. అదే ఫొటోలో ముందు బంపర్ కింద ఉన్న రంధ్రంలో ఎండుటాకులు కనిపిస్తున్నాయి. కేమన్ రేడియేటర్లు అక్కడే, బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. ఆకులు చేరి, తడిసి, కుళ్ళి ఏసీ కండెన్సర్‌ను తినేస్తాయి. శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. కానీ అది చేయనివాడు రెండేళ్ళకోసారి బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాడని నేను నమ్మను. పైన పటారం అనడానికి ఈ ఒక్క రంధ్రం చాలు.

పైగా 38,500 మైళ్ళంటే 40,000 మైళ్ళ సర్వీస్ గుమ్మంలో ఉంది. ప్లగ్గులు, ఫిల్టర్లు, ఫ్లూయిడ్లు, పోర్షే వర్క్‌షాప్‌లో వెయ్యి డాలర్లకు తగ్గదు, 1,200 అనుకోండి. కొనే ముందు హ్యూస్టన్‌లోనే వేరే పోర్షే మెకానిక్‌తో తనిఖీ చేయించాలి, దానికో నాలుగైదు వందలు, మీరు వెళ్ళిరావడానికి ఖర్చు. 34,344కి ఇవన్నీ కలిపితే 37,500 దాటుతోంది. ఇక్కడి డీలర్ ధర, ఏమీ తగ్గించకుండానే, 36,019. పైగా ఏడున్నర వేల మైళ్ళు తక్కువ.

అన్నింటికంటే పెద్ద తేడా ఆ సర్టిఫైడ్ అన్న మాట. అది నిజంగా పోర్షే అప్రూవ్డ్ అయితే 111 అంశాల తనిఖీ జరిగి ఉండాలి, మీ బండికి కొన్న రోజు నుంచి రెండేళ్ళ వారంటీ ఉంటుంది, మైళ్ళ పరిమితి లేదు. ఈ బండికి కొత్తలో ఇచ్చిన నాలుగేళ్ళ వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వారంటీ లేని పోర్షేలో టర్బో పోయినా, స్టీరింగ్ ర్యాక్ పోయినా మూడు నాలుగు వేలు చూస్తుండగానే ఆవిరవుతాయి. కొందరు సేల్స్‌మన్లు తమ వర్క్‌షాప్‌లో చూసిన ప్రతి బండినీ ‘సర్టిఫైడ్’ అనేస్తుంటారు. నోటి మాట వద్దు. తనిఖీ పత్రం, పోర్షే పేరు మీద వారంటీ ముగిసే తేదీ రాసి ఉన్న కాగితం చూపించమనండి. అది లేకపోతే నేను పైన చెప్పిందంతా రద్దు, అప్పుడు 54,900 ఎక్కువ ధర.

మాన్యువల్ కావాలన్నారు కాబట్టి ఇంకో కాగితం అడగాలి. ఓవర్-రెవ్ రిపోర్ట్ అంటారు. ఇంజన్ కంప్యూటర్‌లోంచి తీస్తారు, పోర్షే డీలర్‌కు పది నిమిషాల పని. ఇంజన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో అందులో ఒకటి నుంచి ఆరు రేంజ్‌లుగా ఉంటుంది. మొదటి మూడింట్లో వేలల్లో అంకెలున్నా కంగారు పడొద్దు, ఎవరో హుషారుగా తోలాడంతే. నాలుగు, ఐదు, ఆరు రేంజ్‌లు వేరు. నాలుగో గేరు అనుకుని రెండో గేరులో వేసి క్లచ్ వదిలితేనే అవి నమోదవుతాయి, చక్రాలే ఇంజన్‌ను బలవంతంగా తిప్పేస్తాయి. ప్రతి రేంజ్ పక్కనా అది ఇంజన్ ఎన్నో గంటలో జరిగిందో ఉంటుంది, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో కూడా ఉంటుంది. 900 గంటలు నడిచిన ఇంజన్‌లో 200వ గంట దగ్గర ఒకసారి జరిగి ఉంటే, ఆ తర్వాత 700 గంటలు బాగానే నడిచిందన్నమాట. పోయిన నెలలో జరిగినట్టుంటే ఆ బండి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, ఎంత తగ్గించినా సరే. హ్యూస్టన్ డీలర్‌ను ఈ రిపోర్ట్ అడిగి చూడండి. ‘అదేంటి సార్’ అంటే ఆయన దగ్గర ఇలాంటి బండి అరుదన్నమాట.

కార్‌ఫ్యాక్స్, అంటే బండి పాత చరిత్ర చెప్పే రిపోర్ట్, శుభ్రంగా ఉందని రెండు చోట్లా చెప్పి ఉంటారు. ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా సొంత డబ్బుతో బాగుచేయించిన దెబ్బ చాలావరకు అందులోకి ఎక్కదు. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో చూడమని మెకానిక్‌ను అడగండి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. ఒక తలుపు మీద మాత్రం 300 చూపిస్తే దానికి మళ్ళీ రంగు వేశారు. బంపర్ వైపు ప్రొటెక్షన్ ఫిల్మ్ వేయించి ఉంటే అక్కడ సహజంగానే ఎక్కువ చూపిస్తుంది, దానికి గొడవ పడకండి. వడగళ్ళు దీనికీ వర్తిస్తాయి. కేమన్ బానెట్, తలుపులు అల్యూమినియం, గుంటలు తీయించడం ఇనప రేకు కంటే కష్టం, ఖర్చు.

కాబట్టి నేనైతే ఇక్కడి బండినే కొంటాను, కాగితాలు సరిగా ఉంటే. 33,900 తేడా దోపిడీ కాదు. కానీ హ్యూస్టన్ షీట్ మీ చేతిలో ఉంది కదా, దాన్ని టేబుల్ మీద పెట్టి ‘33,000 తేడాకు ఇస్తే ఈ రోజే సంతకం పెడతాను’ అనండి. ఏ వైపు తగ్గిస్తారో వాళ్ళ ఇష్టం. 33,300 దగ్గర ఆగినా ఒప్పుకోవచ్చు. తగ్గించనే తగ్గించమంటే, ఆ బండి టైర్ల తేదీ చూడండి, పాతవైతే కొత్తవి వేసివ్వమనండి. డబ్బు తగ్గించడానికి మేనేజర్ ఒప్పుకోని చోట వర్క్‌షాప్ పనికి సులువుగా ఒప్పుకుంటాడు, ఆయనకు పడే ఖర్చు మనకు పడేదానికంటే తక్కువ.

బేరం మధ్యలో ‘నెలకు ఎంత కట్టగలరు’ అని అడుగుతారు. దానికి జవాబు చెప్పకండి. క్రెడిట్ యూనియన్‌లో ముందే లోన్ అప్రూవల్ తెచ్చుకోండి, డీలర్ అంతకంటే తక్కువ వడ్డీ ఇస్తే సరే. 84 నెలల లోన్‌తో ఏ ధరనైనా చవగ్గా చూపించొచ్చు. ఇన్సూరెన్స్ కోట్ కూడా సంతకానికి ముందే తీసుకోండి. ఇంట్లో డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలుంటే ఆ అంకె చూశాక మీ ఆవిడ వాదనకు బలం పెరగొచ్చు.

సంతకం రోజున అకార్డ్ టోల్ ట్యాగ్ పీకేయండి. టెక్సస్ డీఎంవీ వెబ్‌సైట్‌లో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్ అదే రోజు నింపండి, లేకపోతే ఆ బండి ఎవరి చేతుల్లోకి వెళ్ళినా టోల్ బిల్లు, పార్కింగ్ జరిమానా మీ ఇంటికే వస్తాయి. కేమన్‌కు టైర్లు మారుస్తామనో, రెండో తాళం తెప్పిస్తామనో డీలర్ మాటిస్తే ‘వీ ఓ’ (We Owe, డీలర్ మనకు బాకీ ఉన్న పనులు) అనే ఫారం ఒకటుంటుంది, అందులో ఆ పని పేరు, తేదీతో సహా రాయించి, మేనేజర్ సంతకం తీసుకున్నాకే అకార్డ్ తాళాలు ఇవ్వండి.